ఊరుమ్మడి జట్టు
(అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ నెల నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, మన ఊరి బేస్‌బాల్ టీమ్ రెడ్ వింగ్స్ గురించి మాట్లాడతానన్నాను. ఫోన్‌లో అవతలి నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "మనవాళ్ళకి ఇంట్రెస్ట్ ఉంటుందా అండీ?" అని అడిగారు. ఉంటుందనే నా నమ్మకం. ఎందుకంటే నేను చెప్పబోయేది ఆట కథ కంటే ఎక్కువగా ఊరి కథ. మనలో చాలామందిమి ఇరవై ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాం. ఇళ్ళు కొనుక్కున్నాం, పిల్లల్ని పెంచాం. ఈ ఊరు ఏం చేసి నిలబడిందో మనకి తెలియాలి.

2006 వేసవిలో మా అమ్మ రేపల్లె నుంచి వచ్చింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి త్వరగా వచ్చి, ఆవిడని డౌన్‌టౌన్‌లో స్టేడియానికి తీసుకెళ్ళాను. 2022లో ఇన్నోవేటివ్ ఫీల్డ్ అని పేరు మార్చారే, అదే. అప్పట్లో ఫ్రాంటియర్ ఫీల్డ్. అమ్మకి ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నం కూడా చేయలేదు. జనాన్ని చూస్తూ కూర్చుంది. మా ముందు వరసలో ఒక పెద్దాయన ఒళ్ళో అట్ట పెట్టుకుని, ప్రతి బంతికీ స్కోరు కార్డులో పెన్సిల్‌తో ఏదో గుర్తు వేసుకుంటున్నాడు. పక్కన మనవరాలు, ఏడెనిమిదేళ్ళది, ఆయన ఏం రాస్తే అది తన కార్డులో దించుకుంటోంది. అమ్మ చూపంతా ఆ పిల్ల మీదే. సగం ఆట అయ్యాక నా వైపు తిరిగి, "ఈ టీమ్ ఎవరిదిరా?" అని అడిగింది.

"ఒకళ్ళదంటూ కాదమ్మా. 1957లో ఊళ్ళోవాళ్ళు ఎనిమిది వేల మంది డబ్బులేసుకుని కొనుక్కున్నారు" అన్నాను.

"అయితే ఊరుమ్మడిదన్నమాట" అంది.

అప్పటికి నేను ఈ ఊరు వచ్చి తొమ్మిదేళ్ళు. ఆఫీసులో దీని గురించి ఎన్నోసార్లు విన్నాను. కమ్యూనిటీ ఓన్డ్ అని, షేర్ హోల్డర్లు అని, కార్పొరేషన్ అని ఏవేవో మాటలు. అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. ఊరుమ్మడి. మన ఊళ్ళల్లో చెరువు ఊరుమ్మడి, రామాలయం ఊరుమ్మడి, రచ్చబండ ఊరుమ్మడి. అలాగే ఇక్కడ ఒక ఆటల జట్టు.

మనకే ఇంకో సామెత కూడా ఉంది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటారు. అందరిదీ అయితే ఎవరూ మేత వెయ్యరని. ఇక్కడి ఉమ్మడి గొడ్డు మాత్రం దాదాపు డెబ్భై ఏళ్ళుగా బతికే ఉంది. అదెలా జరిగిందో చెప్పడానికే ఈవేళ వచ్చాను.

ముందు మైనర్ లీగ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, ఇళ్ళల్లో ఈ ఆట ఆడే పిల్లలు ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. న్యూయార్క్ యాంకీస్, బోస్టన్ రెడ్ సాక్స్ లాంటి పెద్ద జట్లు మేజర్ లీగ్‌లో ఉంటాయి. ఒక్కొక్క పెద్ద జట్టు కింద మెట్లు మెట్లుగా చిన్న జట్లు ఉంటాయి. కుర్రాడు కింది మెట్టు మీద మొదలుపెట్టి ఒక్కొక్కటే ఎక్కాలి. అన్నిటికంటే పై మెట్టు ట్రిపుల్ ఎ. మన రెడ్ వింగ్స్ ఆ మెట్టు మీదున్న జట్టు. ఇక్కడి నుంచి ఒక్క అడుగు వేస్తే మేజర్ లీగే. ఆటగాళ్ళకీ కోచ్‌లకీ జీతాలిచ్చేది పైనున్న పెద్ద జట్టు. ఎవరు ఇక్కడ ఆడాలో, ఎవరు రేపు ఉదయం ఫ్లైట్ ఎక్కాలో నిర్ణయించేదీ వాళ్ళే. మైదానం నడపడం, టికెట్లు అమ్మడం, హాట్ డాగ్‌లు వేయించడం, వాన పడితే పిచ్ మీద టార్పాలిన్ కప్పడం, ఇవన్నీ ఊళ్ళో ఉన్న యాజమాన్యం పని.

అంటే ఊరి చేతిలో జట్టు ఉంది గాని ఆటగాళ్ళు లేరు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

రోచెస్టర్ జట్టు 1899 నుంచి ఉంది. మొదట్లో వేరే పేర్లు. 1928లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ అనే మేజర్ లీగ్ జట్టువాళ్ళు దీన్ని కొన్నారు, రెడ్ వింగ్స్ అనే పేరు అప్పుడు వచ్చింది. ఆ కార్డినల్స్‌ని నడిపిన బ్రాంచ్ రికీ అనే ఆయన పెద్ద ఆలోచనాపరుడు. మంచి ఆటగాళ్ళని డబ్బు పోసి కొనే స్తోమత తమకి లేదు కాబట్టి, చిన్న ఊళ్ళ జట్లు కొని వాటిల్లో ఆటగాళ్ళని తామే పెంచుకోవాలని ఆయన పథకం. నారుమడి పోసుకున్నట్టు. దాన్ని ఇంగ్లీషులో కూడా ఫార్మ్ సిస్టమ్ అనే అంటారు. రోచెస్టర్ ఆ నారుమళ్ళలో ఒకటి. 1929లో నార్టన్ స్ట్రీట్‌లో కొత్త స్టేడియం కట్టారు. 1928 నుంచి వరసగా నాలుగేళ్ళు లీగ్‌లో మనదే మొదటి స్థానం. తర్వాత మేజర్ లీగ్‌లో గొప్ప పేరు తెచ్చుకున్న స్టాన్ మ్యూజియల్ 1941లో ఇక్కడే ఆడాడు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మైనర్ లీగులకి మంచి రోజులొచ్చాయి. 1949లో దేశం మొత్తం మీద 59 లీగులు ఉండేవి. తర్వాత పదేళ్ళలో అంతా తలకిందులైంది. ఇంటింటికీ టీవీ వచ్చింది. జనం ఊరు వదిలి శివార్లలో ఇళ్ళు కట్టుకున్నారు. మేజర్ లీగ్ ఆట డ్రాయింగ్ రూమ్‌లో కనిపిస్తుంటే, ఊళ్ళో జట్టు ఆట చూడ్డానికి డబ్బులిచ్చి ఎవరు వెళ్తారు? ఊరి తర్వాత ఊళ్ళో స్టేడియం గేట్లకి తాళాలు పడ్డాయి. 1956 సీజన్ అయ్యాక కార్డినల్స్ కూడా చేతులెత్తేశారు. రోచెస్టర్ జట్టునీ స్టేడియాన్నీ వదిలించుకుంటామన్నారు.

అప్పుడు ముందుకొచ్చిన మనిషి మారీ సిల్వర్. ఊళ్ళో వ్యాపారస్తుడు. ఒక్కడే కొనేసి తన పేరు పెట్టుకోవాలనుకోలేదు. షేర్లు జనానికి అమ్మి, ఆ డబ్బుతో జట్టునీ స్టేడియాన్నీ కలిపి కొందామన్నాడు. శీతాకాలం, రోచెస్టర్ శీతాకాలం, మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మంచులో షేర్లు అమ్ముకుంటూ తిరిగారు. 72 రోజుల్లో పని పూర్తయింది. ఇప్పటికీ ఇక్కడి పాతవాళ్ళు దాన్ని 72 రోజుల అద్భుతం అనే చెప్పుకుంటారు. రోచెస్టర్ కమ్యూనిటీ బేస్‌బాల్ అని కంపెనీ పెట్టారు. వాటాదార్లు 8,222 మంది.

ఆ అంకె ఎందుకంత కచ్చితంగా చెప్తున్నానంటే, దానికో కథ ఉంది. బేస్‌బాల్‌లో గొప్ప ఆటగాడి గౌరవార్థం అతని జెర్సీ నంబరు రిటైర్ చేస్తారు, ఇక ఆ నంబరు ఎవరూ వేసుకోకూడదు. రెడ్ వింగ్స్ రిటైర్ చేసిన నంబర్లలో ఒకటి 36. అది లూక్ ఈస్టర్‌ది. నల్లవాళ్ళని మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళకి విడిగా ఉన్న నీగ్రో లీగ్స్ నుంచి మేజర్ లీగ్‌కి వెళ్ళి, తర్వాత నలభై దాటిన వయసులో ఇక్కడికి వచ్చి ఆకాశానికి బంతులు బాదిన నల్లజాతి వీరుడు. ఇంకొకటి 26. జో ఆల్టొబెల్లి. ఇక్కడ ఆటగాడు, మేనేజర్, జనరల్ మేనేజర్, ఆఖర్న రేడియో వ్యాఖ్యాత, అన్నీ అయిన మనిషి. మధ్యలో వెళ్ళి 1983లో బాల్టిమోర్ అనే మేజర్ లీగ్ జట్టుకి మేనేజర్‌గా వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ చాంపియన్‌షిప్, గెలిపించి, మళ్ళీ ఈ ఊరికే వచ్చాడు. 2021లో పోయాడు. ఇక ఆ పక్కన 8222 అనే నంబరు ఉంటుంది. అది మారీ సిల్వర్ గౌరవార్థం. ఆయన జెర్సీ వేసుకుని ఆడినవాడు కాదు. నాలుగంకెల నంబరు ఏ జెర్సీ మీదా ఉండదు. ఆయనకి నంబరంటూ ఇవ్వాలంటే ఆ వాటాదార్ల లెక్కే ఇవ్వాలని ఎవరికి తోచిందో గాని, వాళ్ళకి నా దణ్ణం.

మనకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మా చిన్నప్పుడు శ్రీరామనవమికి చందాల పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళు. ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసేవాళ్ళు, పందిట్లో మైకులో చదివేవాళ్ళు. అయిదు రూపాయలిచ్చిన ఇంటివాళ్ళకి కూడా ఆ పందిరి మీద హక్కు ఉండేది. పానకం పల్చగా ఉంటే గట్టిగా అడిగేవాళ్ళు. 1957లో రోచెస్టర్‌లో జరిగింది నాకు అలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే. నవమి పందిరి పది రోజుల్లో విప్పేస్తారు. ఇది ఏటేటా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నడవాలి, లాభనష్టాలు చూసుకోవాలి. అందుకే మొదటి ఉత్సాహం ఒక్కటే చాలదు. తర్వాత కష్టాలు వచ్చినప్పుడు కూడా సిల్వర్ అండగా నిలబడ్డారు. 1968లో నార్టన్ స్ట్రీట్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆయన 1974లో పోయారు. తర్వాత ఆయన కుటుంబమే బాధ్యత తీసుకుంది, కూతురు నయోమి సిల్వర్ ఎన్నో ఏళ్ళుగా కంపెనీని నడిపిస్తూ వచ్చారు. ఉమ్మడి గొడ్డుకి మేత వేసే ఇల్లు ఒకటి ఉండాలి, సామెతలో లేని ముక్క అది. ఎనిమిది వేల మంది ఉన్నా, పొద్దున్నే లేచి తాళం తీసేవాళ్ళు ఒకరుండాలి.

ఇప్పుడు మిమ్మల్ని ఇంకో ఊరికి తీసుకెళ్తాను. ఇక్కడికి ఏడు గంటల డ్రైవ్. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాటకెట్. చిన్న ఊరు, జనాభా 75 వేలు. అమెరికాలో నీటి శక్తితో నూలు వడికే మిల్లు విజయవంతంగా నడిచింది మొదట అక్కడే. శామ్యూల్ స్లేటర్ కట్టిన 1793 నాటి మిల్లు ఇంకా ఉంది, చూడొచ్చు. మిల్లు పనివాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో 1942లో మెకాయ్ స్టేడియం కట్టారు. 1973 నుంచి బోస్టన్ రెడ్ సాక్స్ ట్రిపుల్ ఎ జట్టు అక్కడ ఆడేది. పాసాక్స్ అని ముద్దుపేరు.

1981 ఏప్రిల్ 18, శనివారం రాత్రి, ఈస్టర్‌కి ముందు రోజు. పాటకెట్‌కీ రోచెస్టర్‌కీ మ్యాచ్. లైట్లు పాడై అరగంట ఆలస్యంగా 8 గంటలకి మొదలైంది. ప్రేక్షకులు 1,740 మంది. బేస్‌బాల్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్. డ్రా ఉండదు. తొమ్మిది ఇన్నింగ్స్ తర్వాత స్కోరు సమానంగా ఉంటే, తేడా వచ్చేదాకా ఆడుతూనే ఉండాలి. మనవాళ్ళు ఏడో ఇన్నింగ్స్‌లో ఒక రన్ చేశారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాళ్ళు సమం చేశారు. ఇక అక్కడ ఆగిపోయింది స్కోరు. పది, పదకొండు, పన్నెండు. ఎదురుగాలి గట్టిగా వీస్తోంది, కొట్టిన బంతి కొట్టినట్టు వెనక్కి వచ్చేస్తోంది. 21వ ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు ఇంకో రన్ తీశారు. హమ్మయ్య, ఇంటికెళ్ళొచ్చు అనుకునేలోపు, పాటకెట్ తరఫున వేడ్ బాగ్స్ అనే కుర్రాడు కొట్టి మళ్ళీ సమం చేశాడు. సొంత జట్టువాళ్ళు తనని కౌగిలించుకుంటారో కొడతారో తెలియలేదని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

అర్ధరాత్రి పన్నెండూ యాభై తర్వాత కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని లీగ్‌లో నిబంధన ఉంది. అయితే అంపైర్ల చేతిలో ఉన్న ఆ ఏడాది పుస్తకంలో ఆ వాక్యం అచ్చు కాలేదు. పుస్తకంలో లేదు కాబట్టి ఆపడానికి వీల్లేదన్నారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆటగాళ్ళు విరిగిన బ్యాట్లు డ్రమ్ముల్లో పడేసి మంట వేసుకున్నారు. బ్యాట్లు అయిపోతే బెంచీల చెక్కలు కూడా ఊడదీశారు. చలిమంటల చుట్టూ చేరి, తమ వంతు వచ్చినప్పుడు వెళ్ళి బ్యాటింగ్ చేసి, మళ్ళీ వచ్చి మంట దగ్గర కూర్చుని. రోచెస్టర్ పిచర్, అంటే బంతి వేసేవాడు, జిమ్ అంబార్గర్ 23వ ఇన్నింగ్స్‌లో దిగి, పది ఇన్నింగ్స్ ఒక్క రన్ ఇవ్వకుండా వేశాడు. పాటకెట్ పిచర్ లూయిస్ అపాంటే తన వంతు ముగించుకుని తెల్లవారుజామున ఇంటికెళ్తే, ఇంతసేపూ స్టేడియంలోనే ఉన్నానంటే భార్య నమ్మలేదు.

ఆఖరికి లీగ్ అధ్యక్షుణ్ణి ఫోన్‌లో పట్టుకున్నారు. ఆయన ఆపమన్నాడు. 32 ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి ఆదివారం తెల్లవారుజాము 4 గంటల 7 నిమిషాలు. ఇంకా 2-2. స్టాండ్స్‌లో మిగిలింది 19 మంది.

ఆ పంతొమ్మిది మంది గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఈస్టర్ పండగపూట, తెల్లారగట్ల నాలుగింటికి, చలిలో, ఏ ట్రోఫీ కోసమూ కాని ఒక మామూలు ఏప్రిల్ మ్యాచ్. ఎందుకున్నారు? మన ఊళ్ళల్లో తెల్లార్లూ పద్యనాటకాలు చూసినవాళ్ళు ఇక్కడ కొంతమంది ఉన్నారు. కాటి సీను అయిపోతే గాని లేచేవాళ్ళం కాదు, చాప మీద నిద్ర తూగుతున్నా సరే. అలాంటి మనుషులే వాళ్ళు.

మిగిలిన ఆట జూన్ 23న పెట్టారు. అప్పటికి మేజర్ లీగ్ ఆటగాళ్ళు సమ్మెలో ఉన్నారు, దేశంలో పెద్ద ఆట లేదు. అందుకని అందరి కళ్ళూ పాటకెట్ మీద పడ్డాయి. స్టేడియం కిక్కిరిసింది, 5,746 మంది. పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయింది. 33వ ఇన్నింగ్స్‌లో డేవ్ కోజా అనే ఆటగాడు కొట్టిన సింగిల్‌తో మార్టీ బారెట్ పరుగెత్తి వచ్చి రన్ పూర్తి చేశాడు. పాటకెట్ గెలిచింది, 3-2. మొత్తం 8 గంటల 25 నిమిషాలు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఇంతకంటే పొడవైన ఆట ఇప్పటిదాకా లేదు.

ఆ రాత్రి మనవాళ్ళ తరఫున థర్డ్ బేస్‌లో ఆడిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు కాల్ రిప్కెన్ జూనియర్. పదమూడు సార్లు బ్యాటింగ్‌కి వచ్చి రెండే హిట్లు. ఆగస్టులో, అప్పట్లో మన పైజట్టు అయిన బాల్టిమోర్‌కి వెళ్ళిపోయాడు, తర్వాత వరసగా 2,632 మ్యాచ్‌లు ఒక్కటీ మానకుండా ఆడాడు. అతనూ వేడ్ బాగ్సూ ఇద్దరూ గొప్ప ఆటగాళ్ళకి మాత్రమే చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు. గెలుపు కొట్టిన డేవ్ కోజా మాత్రం మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ మెట్టు మీదే ఆగిపోయాడు. మైనర్ లీగ్ గురించి నేను ఏమీ చెప్పక్కర్లేకుండా, ఆ స్కోరు షీటే అంతా చెప్తుంది.

పాటకెట్ జట్టుకి వస్తాను. 1977 జనవరిలో అది దివాలా తీసి ఉంటే, బెన్ మోండర్ అనే బట్టల మిల్లుల వ్యాపారి, అప్పటికే రిటైరైన మనిషి, కొన్నాడు. మొదటి ఏడాది సీజన్ మొత్తానికి వచ్చింది 70 వేల మంది. ఆయన టికెట్ ధరలు తక్కువగా ఉంచాడు, పార్కింగ్ ఉచితం. మిల్లులో షిఫ్టు దిగిన మనిషి నలుగురు పిల్లల్ని తీసుకుని రాగలగాలి. 2005 వచ్చేసరికి ఒక్క సీజన్‌లో 6 లక్షల 88 వేల మంది వచ్చారు. ఊరి జనాభాకి తొమ్మిదింతలు!

అక్కడ ఒక చిన్న ముచ్చట ఉండేది. మెకాయ్ స్టేడియంలో ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ మొదటి వరస సీట్లకి సరిగ్గా కింద ఉండేది. పిల్లలకి ఆటగాళ్ళు అందరు. అందుకని పాల డబ్బా తెచ్చేవాళ్ళు, మనం కాస్ట్‌కోలో కొనే గ్యాలన్ ప్లాస్టిక్ డబ్బా. పక్కన ఒక చెయ్యి పట్టేంత కంత కోసి, లోపల ఒక బంతి, ఒక పెన్ను పెట్టి, పిడికి తాడు కట్టి కిందకి దింపేవాళ్ళు. బావిలోకి చేద వేసినట్టే. కింద ఆటగాడు బంతి తీసుకుని సంతకం పెట్టి, మళ్ళీ డబ్బాలో వేసి తాడు లాగేవాడు. పైన పిల్లాడు చేదుకునేవాడు. గోడ పొడుగునా పది పదిహేను డబ్బాలు వేలాడుతుండేవి. ఒకసారి ఆఫీసు పని మీద ప్రావిడెన్స్ వెళ్ళినప్పుడు, సాయంత్రం ఆట చూడ్డానికి అక్కడికి వెళ్ళి కళ్ళారా చూశాను. నాకెందుకో ఆట కంటే అదే గుర్తుండిపోయింది.

ఇంత బాగున్న జట్టు ఇప్పుడు ఆ ఊళ్ళో లేదు.

బెన్ మోండర్ 2010లో పోయారు. 2015లో ఆయన భార్య జట్టుని కొత్త యజమానులకి అమ్మారు. వాళ్ళు మొదట పక్కనే ప్రావిడెన్స్‌కి తీసుకెళ్తామన్నారు, అది కుదరలేదు. తర్వాత పాటకెట్‌లోనే కొత్త స్టేడియం కట్టాలని, అందులో ప్రభుత్వం వాటా ఎంత, జట్టు వాటా ఎంత అని రాష్ట్ర అసెంబ్లీలో ఏళ్ళ తరబడి లాగారు. మసాచుసెట్స్‌లో వూస్టర్ అనే ఊరు ముందుకొచ్చింది, మేం కట్టిస్తాం రండి అంది. 2018 ఆగస్టులో వెళ్ళిపోతున్నామని ప్రకటించారు. అదే సంవత్సరం మొదట్లో ఊళ్ళో ఉన్న మెమోరియల్ హాస్పిటల్ కూడా మూతపడింది. ఒకే ఏడాది ఊళ్ళో ఆసుపత్రీ పోయి, జట్టూ పోతానంటే ఆ జనం ఏమైపోవాలి?

కనీసం చివరి సీజన్ అన్నా చూసుకుందామనుకున్నారు. అది 2020. కోవిడ్ వచ్చి మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దయింది. వీడ్కోలు మ్యాచ్ లేదు. ఆ వేసవిలో స్టేడియంవాళ్ళు మైదానంలో గడ్డి మీద దూరం దూరంగా బల్లలు వేసి జనానికి భోజనాలు పెట్టారు. తాము దాదాపు యాభై ఏళ్ళు స్టాండ్స్‌లో కూర్చుని చూసిన గడ్డి మీద కూర్చుని తిని, జనం ఇళ్ళకి వెళ్ళారు. నాకది శ్రాద్ధ భోజనంలా అనిపించింది, ఆ ఫోటోలు చూస్తే. 2021లో జట్టు వూస్టర్‌లో పోలార్ పార్క్ అనే కొత్త స్టేడియంలో ఆట మొదలుపెట్టింది. మెకాయ్ స్టేడియం స్థలంలో హైస్కూల్ కట్టడానికి 2022లో పాటకెట్ జనం ఓటేశారు. పాత స్టేడియం కూల్చేశారు.

వూస్టర్ తప్పని నేనను. అదీ మిల్లుల ఊరే, అక్కడి పిల్లలూ పిల్లలే. కొత్త యజమానులు చట్టానికి విరుద్ధంగా చేసిందీ లేదు. తమ ఆస్తి తాము తీసుకుపోయారు. అసలు బాధ అక్కడే ఉంది. యాభై ఏళ్ళు తమది అనుకున్నది, కాగితం మీద తమది కాదు. మంచి మనిషి చేతిలో ఉన్నన్నాళ్ళు ఆ తేడా ఎవరికీ కనపడలేదు. మనకీ ఈ అనుభవం ఉంది. హైదరాబాద్ పేరు మీద డెక్కన్ ఛార్జర్స్ ఆడింది, 2009లో ఐపీఎల్ కప్పు తెచ్చింది. 2012లో యాజమాన్యం చిక్కుల్లో పడి జట్టే లేకుండా పోయింది. ఉప్పల్ స్టేడియంలో గొంతు చించుకున్నవాళ్ళని ఎవరూ అడగలేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను, ఊరి చేతిలో జట్టు ఉంది గాని ఆటగాళ్ళు లేరని. ఊరుమ్మడి అయినంత మాత్రాన అన్నీ మన చేతిలో ఉండవు. బాల్టిమోర్‌తో రోచెస్టర్ సంబంధం 1961 నుంచి 2002 దాకా నడిచింది. ఆఖరి ఏళ్ళల్లో వాళ్ళు పంపిన జట్లు వరసగా ఓడిపోతుంటే, మనవాళ్ళే తెగతెంపులు చేసుకుని మిన్నెసోటాతో కలిశారు. ఇప్పుడు వాషింగ్టన్. 2021లో మేజర్ లీగ్ వాళ్ళు తమ కింద ఉన్న 160 జట్లని 120కి తగ్గించేశారు. మన పక్కనే బటావియా, ముప్పావుగంట ప్రయాణం. 1939లో ఒక లీగే అక్కడ పుట్టింది. ఆ ఊరి మక్‌డాగ్స్ జట్టుకి పైవాళ్ళతో సంబంధం తెగిపోయింది, ఇప్పుడు కాలేజీ కుర్రాళ్ళతో వేసవి లీగ్ ఆడుతున్నారు. సిరక్యూస్ జట్టు కూడా మనలాగే ఊరుమ్మడిగా ఉండేది. 2017లో వాటాదార్లే న్యూయార్క్ మెట్స్‌కి అమ్మేశారు. జట్టు ఊళ్ళోనే ఉంది, కానీ ఇక ఊరిది కాదు. మనవాళ్ళు 1997 నుంచి ఆడుతున్న స్టేడియం కూడా ప్రజల పన్నుల డబ్బుతో కట్టిందే. సిల్వర్ స్టేడియం పాతబడిపోతే, ఊరు మళ్ళీ చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. ఆ కొత్త స్టేడియంలో మొదటి సీజన్‌లోనే రెడ్ వింగ్స్ తమ లీగ్ చాంపియన్‌కి ఇచ్చే గవర్నర్స్ కప్ గెలిచారు. నేను ఈ ఊరికి వచ్చింది ఆ ఏడే, కానీ అప్పుడు నాకు ఆ కప్పేమిటో కూడా తెలీదు.

ఇవన్నీ చూశాక కూడా నాకు రోచెస్టర్ చేసినదే సరైన పని అనిపిస్తుంది. 1982 ప్రాంతంలో ఈ ఊళ్ళో ఒక్క కోడాక్ కంపెనీలోనే 60 వేల మంది పనిచేసేవాళ్ళు. 2012లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఈ గదిలో ఉన్నవాళ్ళల్లో ఆ రోజుల టెన్షన్ పడనివాళ్ళు తక్కువ. మన స్నేహితులు ఎంతమంది ఇళ్ళు అమ్ముకుని డల్లాస్‌కీ షార్లెట్‌కీ వెళ్ళిపోయారు! ఊరికి అంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు, ఎక్కడ లాభం ఎక్కువ వస్తుందా అని చూసే యజమాని అయితే జట్టుని ఎప్పుడో ఎత్తుకుపోయేవాడు. 8,222 మంది వాటాదార్ల జట్టు ఎక్కడికి పోతుంది? వాళ్ళ ఇళ్ళు ఇక్కడే ఉన్నాయి. కోడాక్ టవర్‌లో ఉద్యోగాలు పోయాయి. దాని నీడన ఉన్న మైదానంలో ఆట మాత్రం ఆగలేదు.

మేజర్ లీగ్ చూసేవాళ్ళకి తెలియని ఒక కష్టం మైనర్ లీగ్ ఊళ్ళకి ఉంటుంది. కుర్రాడు బాగా ఆడాడంటే వెళ్ళిపోతాడు. ఊరు ఎవరిని ఎంత బాగా ప్రేమిస్తే వాడు అంత త్వరగా వెళ్ళిపోతాడు. రిప్కెన్ 1981లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆడాడు, ఇంకా అతని పేరు చెప్పుకుంటారు. ఈ సంగతి అమ్మకి చెప్పినప్పుడు ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మన ఊళ్ళో హైస్కూల్ హెడ్మాస్టారు గారికి అలవాటేగా" అంది. రేపల్లె స్కూల్లో చదువుకుని బయటికి వెళ్ళినవాళ్ళల్లో నేనూ ఒకణ్ణి.

నేను చెప్పాల్సింది అయిపోయింది. సీజన్ వచ్చే వారం మొదలవుతోంది. మనవాళ్ళు ముప్ఫై మంది వస్తామంటే గ్రూప్ టికెట్లు తీసుకుందాం, పేర్లు బయట టీ బల్ల దగ్గర కాగితంలో రాయండి. స్టేడియం అడ్రసు వన్, మారీ సిల్వర్ వే. జీపీఎస్‌లో ఆ పేరు కొట్టేటప్పుడు ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. కోట్లు, టోపీలు తెచ్చుకోండి, ఏప్రిల్ రాత్రి చలి ఎలా ఉంటుందో ఇందాక చెప్పాను. పిల్లల్ని తీసుకురండి, చేతిలో ఒక పెన్సిల్ పెట్టండి. స్కోరు కార్డు ఎలా రాయాలో నాకు వచ్చింది, నేర్పిస్తాను.

ఇక ప్రశ్నలుంటే అడగండి.